ఇరవై నాలుగో వంతు లారీ

మూడు ఇరుసుల పది టైర్ల లారీ, సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా తూగవచ్చని 2018లో కేంద్రం సవరించిన నిబంధన చెబుతోంది. అలాంటి లారీని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ సరిగ్గా ఇరవై నాలుగో వంతుకు కుదించామనుకుందాం. అదే ఇనుము, అదే రబ్బరు, అదే సరుకు. ఇప్పుడు దాని బరువెంత? 28.5ని 24తో భాగించి టన్నుకు పైచిలుకు అంటే లెక్క తప్పినట్టే. జవాబు రెండు కిలోలు.

పొడవు 24వ వంతైతే వైశాల్యం 24 × 24, అంటే 576వ వంతు అవుతుంది. ఘనపరిమాణం, దానితో పాటే బరువు, 24 × 24 × 24, అంటే 13,824వ వంతుకు దిగిపోతుంది. కొలతలన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గినా బరువు, బలం, వేడి, తడి, కాలం ఒక్కోటి ఒక్కో లెక్కన తగ్గుతాయి. అందుకే కొలతల ప్రకారం తు.చ. తప్పకుండా చేసిన బుల్లి లారీ కూడా చాలాసార్లు బొమ్మలాగే కనిపిస్తుంది. ఆ పరిమాణంలో ప్రకృతి చేయని పనిని చేత్తో చేసి చూపించినవాళ్ల మోడల్ మాత్రం, ఫొటో తీస్తే నిజం లారీ అనిపిస్తుంది. స్కేల్ మోడలింగ్ అనే అభిరుచిలోని విజ్ఞానమంతా ఈ తేడాలోనే ఉంది. దాన్ని మన పల్నాడు లారీ మీదే పరీక్షించి చూద్దాం. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల నాపరాళ్లు, నరసరావుపేట చుట్టుపక్కల పత్తి, మిర్చి టిక్కీలు మోసే లారీ కంటే మంచి నమూనా మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఆ అంకెలు ఎలా పుట్టాయి?

మోడల్ పెట్టెల మీద 1:24, 1:43, 1:64 అని రాసి ఉంటుంది. చాలా అంకెల వెనక అడుగులు, అంగుళాల లెక్క ఉంది. అడుగుకు అర అంగుళం అనుకుంటే 1:24 వస్తుంది. అడుగుకు ఏడు మిల్లీమీటర్లు అనుకుంటే దాదాపు 1:43. ఇది బ్రిటన్‌లో బొమ్మ రైళ్ల కొలత. ఫ్రాంక్ హార్న్‌బీకి చెందిన మెకానో కంపెనీ ఆ రైళ్ల పక్కన నిలబెట్టడానికి 1930ల మొదట్లో చిన్న చిన్న వాహనాలు పోత పోసింది. డింకీ టాయ్స్‌గా పేరు తెచ్చుకున్నవి అవే. జపాన్‌కు చెందిన టమియా కంపెనీ ట్యాంకుల మోడళ్లకు 1:35 స్కేలు ఎంచుకోవడానికి కారణం మరీ సాదాసీదాది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కాబట్టి ఆ కొలత కుదిరింది. తర్వాత అదే ప్రపంచమంతా వాడే స్కేలు అయింది.

విడిభాగాలు అతికించి కట్టుకునే మోడల్ కిట్ల చరిత్రలో మన రైతులకు దగ్గరగా ఉండే ముచ్చట ఒకటుంది. కిట్ల కంపెనీ ఎయిర్‌ఫిక్స్ పేరు చెబితే విమానాలు గుర్తొస్తాయి గానీ, 1949లో ఆ సంస్థ చేసిన తొలి మోడల్ ఫెర్గూసన్ ట్రాక్టర్. అమ్మకాల ప్రతినిధులు రైతులకు చూపించడానికి దాన్ని చేయించారు. తర్వాత విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మారు. అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 దాకా కుర్రవాళ్లకు మోడళ్ల పోటీలు నడిపింది. మొదట్లో రాజుల కాలం నాటి గుర్రపు బగ్గీని, తర్వాత సొంతంగా ఊహించిన కారును చెక్కమనేవారు. ఆ పోటీల్లో నెగ్గినవాళ్లలో కొందరు కార్ల డిజైనర్లయ్యారు.

నిష్పత్తి తప్పకుండా పరిమాణం మార్చడం మనవాళ్లకు కొత్త విద్య కాదు. మాచర్ల దగ్గర దుర్గిలో రాతి శిల్పులు విగ్రహాలు చెక్కుతారు. ఆ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. శిల్పశాస్త్రంలోని తాలమానం ప్రకారం ముఖం పొడవును ప్రమాణంగా తీసుకుని మిగతా అవయవాలన్నీ దాని లెక్కలో చెబుతారు. విగ్రహం జానెడున్నా నిలువెత్తున్నా ఆ నిష్పత్తి మారదు. లారీ మోడల్‌కు ఈ మొదటి మెట్టు తప్పనిసరి. పది అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల రిమ్ము ఉన్న లారీ టైరు పూర్తి వ్యాసం సుమారు 1.05 మీటర్లు. 1:24లో అది 44 మిల్లీమీటర్లు కావాలి. రెండున్నర మీటర్ల తొట్టి వెడల్పు 104 మిల్లీమీటర్లు కావాలి. ఇక్కడిదాకా కూడికలూ భాగహారాలే. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

బరువు కనిపించాలంటే

నిండు లోడుతో ఉన్న లారీని పక్క నుంచి చూడండి. టైరు నేలను తాకే చోట చదునుగా నొక్కుకుపోయి, రెండు పక్కలా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. వెనక కమాను కట్టలు వంపు పోయి దాదాపు తిన్నగా ఉంటాయి. లోడు దించాక అదే కట్ట మళ్లీ వంపు తిరుగుతుంది. లోడు ఉందో లేదో తొట్టిలోకి తొంగిచూడకుండానే డ్రైవర్లు చెప్పగలిగేది ఈ గుర్తుల వల్లే.

కుదించిన లారీలో ఇవేవీ జరగవు. బరువు 13,824వ వంతుకు పడిపోయింది. టైరు నేలను తాకే వైశాల్యం మాత్రం 576వ వంతుకే తగ్గింది. అంటే చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడి 24వ వంతుకు దిగిపోయింది. అంత తక్కువ ఒత్తిడికి రబ్బరు నొక్కుకోదు. కమాను కట్టదీ ఇదే తంతు. అదే ఉక్కుతో చేస్తే కట్ట బిగువు 24వ వంతుకే తగ్గుతుంది, దాని మీద పడే బరువు 13,824వ వంతుకు తగ్గుతుంది. కాబట్టి పొడవుతో పోల్చి చూస్తే అది వంగాల్సిన దానిలో 24వ వంతే వంగుతుంది. ఎంత సరుకు పెట్టినా బుల్లి లారీ ఖాళీ లారీలాగే నిక్కి నిలబడుతుంది.

అందుకే అనుభవమున్నవాళ్లు మోడల్ టైరు అడుగు భాగాన్ని సాండ్‌పేపర్ మీద రుద్ది చదును చేస్తారు. పక్కల ఉబ్బును పుట్టీతో తెస్తారు. కమాను కట్టను లోడుకు తగినట్టు ముందే తిన్నగా మలిచి అతికిస్తారు. పది టైర్లలో ఏది ఎంత నొక్కుకోవాలో ఆలోచించి చేస్తారు. సున్నపురాయి నింపిన లారీకి ఒక లెక్క, పత్తి బోరేలు ఎత్తుగా కట్టిన లారీకి మరో లెక్క. పత్తి తొట్టిని దాటి పైకీ పక్కకీ పొంగుతుంది, తూకం మాత్రం తక్కువ. సున్నపురాయి తొట్టిలో సగం కూడా నిండకుండానే టైర్లను నొక్కేస్తుంది. సరుకు ఏమిటో టైరే చెప్పాలి.

ఈ సూత్రాన్ని గెలీలియో 1638లో తన చివరి గ్రంథంలో వివరించాడు. జంతువు పెద్దదయ్యే కొద్దీ ఎముకలు నిష్పత్తిని మించి లావు కావాలని అందులో బొమ్మ గీసి చూపించాడు. దీన్ని తిరగేసి చూడాలంటే హైదరాబాద్‌లో సుధాకర్ యాదవ్ నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియం గుర్తు చేసుకోవాలి. ఆయన 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. మామూలు సైకిలును పది రెట్లు పెంచితే బరువు వెయ్యి రెట్లవుతుంది. దాన్ని మోసే గొట్టాల అడ్డకోత మాత్రం వంద రెట్లే. అంటే లోహం మీద పడే భారం పది రెట్లు. ఉన్నదాన్ని అలాగే పెంచితే సైకిలు తన బరువుకు తానే కుంగుతుంది. పెంచేవాడు భారంతో పోరాడాలి, కుదించేవాడు లేని భారాన్ని చూపించాలి.

కాలం కూడా వేరే లెక్కలో తగ్గుతుంది. ఎత్తు 24వ వంతైతే కింద పడటానికి పట్టే సమయం 24 వర్గమూలం వంతుకు, అంటే సుమారు 4.9వ వంతుకు తగ్గుతుంది. బుల్లి లారీ గతుకులో ఎగిరితే కళ్లు మూసి తెరిచేలోపు దిగిపోతుంది కాబట్టే అది తేలికగా అనిపిస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు చూపే వీడియోలో అది బరువుగా కదలాలంటే సెకనుకు దాదాపు 118 ఫ్రేములు తీయాలి. చాలా ఫోన్లలో 120 ఫ్రేముల స్లో మోషన్ ఉంటుంది. ఆ మీట నొక్కితే చాలు. ఆనకట్టల మత్తడి నమూనాల్లో నీటి వేగాన్ని అసలు వేగంతో పోల్చడానికి ఇంజనీర్లు వాడే సూత్రమూ ఇదే.

రేకు మందం, రంగు మందం

నిజం క్యాబిన్ రేకు 1.2 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, 1:24లో అది 0.05 మిల్లీమీటర్లు కావాలి. మనం రాసుకునే కాగితం మందంలో సుమారు సగం. మోడల్ చేసేవాళ్లు వాడే ప్లాస్టిక్ షీటు సాధారణంగా అర మిల్లీమీటరు. అసలు కొలతలోకి మారిస్తే అది 12 మిల్లీమీటర్ల పలక. అంత మందం రేకుతో ఏ లారీ క్యాబినూ కట్టరు. మొత్తం షీటును పలచన చేయనక్కర్లేదు. తలుపు అంచు, మడ్‌గార్డు అంచు, కిటికీ అంచు వంటి కంటికి కనిపించే చోట్ల లోపలి వైపు నుంచి ఏటవాలుగా గీకితే చాలు. అంచును చూసే కన్ను రేకు మొత్తం పలచనే అనుకుంటుంది.

రంగు సంగతి ఇంకా సున్నితం. నిజం లారీ మీద రంగు పొర 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు అనుకుందాం. మోడల్ మీద అది నాలుగు మైక్రాన్లు ఉండాలి. బ్రష్షుతో పూసే ఎనామిల్ సులువుగా 50 మైక్రాన్లు దాటుతుంది. అసలు లారీ మీద 1.2 మిల్లీమీటర్ల రంగు పూసినట్టు లెక్క. అందులో రివెట్లు మునిగిపోతాయి, తలుపు సందులు పూడిపోతాయి. ఎయిర్‌బ్రష్‌తో పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి కొట్టడం అందుకే. ఎయిర్‌బ్రష్ లేకపోతే రంగును బాగా పలచన చేసి, ఒక పొర పూర్తిగా ఆరాక మరో పొర వేయాలి. ఇక్కడ ఓపికే పనిముట్టు.

నంబరు ప్లేటు ఇంకో పరీక్ష. లారీ ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. 1:24లో అక్షరం 2.7 మిల్లీమీటర్లు, గీత 0.4 మిల్లీమీటర్లు. చేత్తో రాయడం కష్టం. కంప్యూటర్‌లో పెద్దగా అమర్చి, కుదించి, తడిపి అతికించే డెకాల్ కాగితం మీద ముద్రించుకోవడం మేలు. తొట్టి వెనక పూలు, నెమళ్లు, దేవుడి పేరు, పిల్లల పేర్లు మాత్రం చేత్తో వేస్తేనే అందం. పెయింటర్ చేతి వంకర కూడా మోడల్‌లో ఉండాల్సిందే.

దుమ్ము, పట్టా, నీటిబొట్టు

పిడుగురాళ్ల సున్నం బట్టీల నుంచి వచ్చే లారీకి తెల్లటి పొడి పూతే అసలు రంగు. ఆ పొడినే తెచ్చి మోడల్ మీద చల్లితే సహజంగా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 50 మైక్రాన్ల రేణువు 1:24లో 1.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువుతో సమానం. లారీ మీద దుమ్ముకు బదులు ఇసుక పోసినట్టుంటుంది. పైగా కాల్చిన సున్నం తడి తగిలితే వేడెక్కుతుంది, చర్మాన్నీ కళ్లనూ దెబ్బతీస్తుంది. కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. కొన్ని మైక్రాన్ల రేణువులుండే పిగ్మెంట్ పొడులు దొరుకుతాయి. మెత్తగా నూరి పలచటి బట్టలో జల్లించిన సుద్దపొడి కూడా పనికొస్తుంది. మెత్తటి బ్రష్షుతో అద్ది, మ్యాట్ వార్నిష్ పలచగా కొడితే నిలుస్తుంది.

దుమ్ము ఎక్కడ పడుతుందో తెలియాలంటే నిజం లారీని గమనించాలి. చక్రాల వెనక పైకి లేచిన పొడి తొట్టి వెనక భాగంలో ఎక్కువగా పేరుకుంటుంది. ముందు అద్దం మీద వైపర్లు తిరిగిన మేర అర్ధచంద్రాకారంలో శుభ్రంగా ఉంటుంది. డ్రైవరు రోజూ పట్టుకునే తలుపు పిడి చుట్టూ దుమ్ము ఉండదు, చేతి మెరుపు ఉంటుంది. వాన పడిన తర్వాత సున్నం చారలు కిందికి జారి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడతాయి. ఇంటి గోడకు వేసిన సున్నం గట్టిపడేదీ ఈ చర్య వల్లే. అందుకే పాత లారీ మీది తెల్ల చార కడిగినా ఒక పట్టాన పోదు.

సందుల్లో నీడ తేవడానికి మోడల్ చేసేవాళ్లు వాడే కిటుకు తలతన్యత. నాలుగు మిల్లీమీటర్ల తలుపు సందు 1:24లో 0.17 మిల్లీమీటర్లు. బాగా పలచన చేసిన ముదురు గోధుమరంగు చుక్కను సందు మొదట్లో తాకిస్తే, అది తనంతట తానే గాడి వెంట పరుగెత్తి చివరిదాకా చేరుతుంది. నీటికి సంబంధించి సుమారు 2.7 మిల్లీమీటర్ల కంటే చిన్న కొలతల్లో గురుత్వం కన్నా తలతన్యతదే పైచేయి. బుల్లి లోకం ఈ ఒక్కచోట మనకు అడ్డురాకుండా సాయం చేస్తుంది.

పట్టా దగ్గర మళ్లీ అడ్డొస్తుంది. మిర్చి టిక్కీల మీద కప్పిన టార్పాలిన్ తన బరువుకే జారి, టిక్కీల మధ్య కుంగి, మోకు బిగించిన చోట ముడతలు పడుతుంది. చిన్న గుడ్డ ముక్కకు ఆ బరువుండదు. బిరుసు మాత్రం ఉంటుంది. అది గొడుగులా విప్పుకుని నిలబడుతుంది. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, మెత్తబడి ఉన్నప్పుడే టిక్కీల మీద పరిచి, ముడతలను బ్రష్షు కొసతో దిద్దాలి. ఆరాక గట్టిపడి ఆ రూపంలోనే నిలుస్తుంది.

అతుకు, ఎండ

కిట్లలోని పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కు వాడే సిమెంట్ నిజానికి జిగురు కాదు, ద్రావణి. అది రెండు అంచులనూ కరిగిస్తుంది. కరిగిన పొడవాటి అణు గొలుసులు ఒకదానిలోకి మరొకటి చొచ్చుకుపోతాయి. ద్రావణి ఆవిరైపోగానే రెండు ముక్కలూ ఒకటే ముక్క అవుతాయి. ఇది ప్లాస్టిక్ వెల్డింగ్. గాలి ఆడే చోటే ఈ పని చేయాలి. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

సూపర్ గ్లూ వేరే రకం. అందులోని సయనోఅక్రిలేట్ గాలిలోని తేమ తగిలి గట్టిపడుతుంది. దాని ఆవిరి కిటికీ అద్దాల మీద తెల్లటి మసకగా పేరుకుంటుంది. క్యాబిన్ అద్దాలు ఫెవికాల్‌తో అతికిస్తే ఆ గొడవ లేదు. ఆరాక అది పారదర్శకమవుతుంది.

పల్నాడులో మోడల్ చేసేవాళ్లు ఎండను లెక్కలోకి తీసుకోక తప్పదు. రెంటచింతల పేరు వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో ఏటా వినిపిస్తూనే ఉంటుంది. బయట 45 డిగ్రీలున్నప్పుడు అద్దాలు ఎత్తి ఎండలో నిలిపిన కారులో 60 దాటడం మామూలే. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి తట్టుకుంటుంది. త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. దానితో ముద్రించిన ఛాసీని మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద ఉంచితే ఒరిగిపోతుంది.

కొలతలు తీసే పద్ధతి

మన లారీకి తగిన కిట్ బజారులో దొరకడం అరుదు. విదేశీ కంపెనీలు తమ దేశాల ట్రక్కులే చేస్తాయి. కాబట్టి సొంతంగా కొలతలు తీసి షీటుతో, కర్రతో కట్టుకోవాలి. యజమాని అనుమతి తీసుకుని, బండి ఆగి ఉన్నప్పుడు టేపుతో ముఖ్యమైన కొలతలు రాసుకోండి. ఇరుసుల మధ్య దూరం, తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు, క్యాబిన్ ఎత్తు, అద్దం కొలతలు చాలు. మిగతావి ఫొటో నుంచి రాబట్టవచ్చు.

ఫొటో తీసేటప్పుడు మీటరు కర్ర ఒకటి లారీకి ఆనించి ఉంచండి. చాలా దూరం నుంచి జూమ్ చేసి తీయండి. మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే, బంపర్ కంటే మీటరు వెనకున్న భాగం ముప్పాతిక వంతు పరిమాణంలోనే కనిపిస్తుంది. పదిహేను మీటర్ల నుంచి తీస్తే ఆ భాగం పదహారింట పదిహేను వంతులుగా కనిపిస్తుంది, తేడా దాదాపు పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఫొటో ఇంజనీరు గీసిన పటానికి దగ్గరవుతుంది.

కొలతల విషయంలో టమియా సంస్థ అధిపతిగా పనిచేసిన షున్‌సాకు టమియా పట్టుదల గురించి మోడలింగ్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1970లలో పోర్షె 934 మోడల్ చేయడానికి ఆయన పోర్షె 911 కారు ఒకటి కొని, భాగాలన్నీ విప్పించి కొలిపించారు. మనకు అంత అవసరం లేదు. టేపు, నోటు పుస్తకం, ఫోను, లారీ గురించి తెలిసిన డ్రైవరో మెకానిక్కో ఉంటే సరిపోతుంది.

ఇప్పుడే ఎందుకు?

పల్నాడు జిల్లాలోనే నమూనాల విలువ చెప్పే గొప్ప ఉదాహరణ ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. జలాశయంలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో అంతకు ముందూ ఆ తర్వాతా పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. తొమ్మిది ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి తరలించి తిరిగి కట్టారు. మరికొన్నిటికి నమూనాలు చేయించారు. కొండ మీది మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంది. నీటి అడుగున ఏది ఎక్కడుందో ఈ తరానికి తెలిసేది దానివల్లే. ముందే కొలిచారు కాబట్టి మిగిలింది.

లారీలదీ ఇప్పుడు అలాంటి దశే. ఒకప్పుడు కంపెనీలు ఛాసీని అమ్మేవి. క్యాబిన్, తొట్టి ఇక్కడి బాడీ బిల్డర్లు కర్రతో, రేకుతో కట్టేవారు. పల్నాడులో చిలకలూరిపేటకు, కృష్ణ అవతల విజయవాడ ఆటోనగర్‌కు ఆ పనిలో పేరుంది. నుదుటి పలక వంపు, పక్క కిటికీల చట్రం, లోపలి పూల నగిషీలు, పరుపు వేసుకునే బల్ల ఒక్కో షెడ్డులో ఒక్కో తీరుగా ఉండేవి. ఇప్పుడు క్యాబిన్లు కర్మాగారం నుంచే వస్తున్నాయి. 2025లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా తయారయ్యే 3.5 టన్నులకు మించిన సరుకు వాహనాల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి. మండుటెండలో రోజంతా స్టీరింగ్ పట్టే డ్రైవర్లకు ఇది చాలా మేలు. ఆ మేలు జరగాల్సిందే. దానితో పాటు చేతిపని క్యాబిన్ల కాలం చివరికొస్తోంది. వాటికి పటాలు లేవు. కొలతలు మేస్త్రీల చేతుల్లో, జ్ఞాపకాల్లో ఉన్నాయి.

హైస్కూలు సైన్స్ క్లబ్బులకు, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇది చక్కటి ప్రాజెక్టు. ఊళ్లో మిగిలిన కర్ర క్యాబిన్ లారీని ఎంచుకోండి. కట్టిన మేస్త్రీ దొరికితే ఆయన చెప్పే కొలతలు, కర్ర పేరు, అతుకుల పద్ధతి రాసుకోండి. పటం గీసి 1:24లో కట్టండి. పిల్లలకు వర్గం, ఘనం, వర్గమూలం, తలతన్యత, రసాయన చర్యలు అన్నీ ఒకే బల్ల మీద చేతికి తగులుతాయి. పని పూర్తయ్యాక కొలతల పటాన్ని, లారీ ఫొటోలను మోడల్‌తో పాటే బడి లైబ్రరీలో ఉంచండి. ఆ పటం ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత పుట్టే పిల్లవాడు కూడా ఆ లారీని మళ్లీ కట్టగలడు.